దిష్టి తీసిన గుమ్మడికాయ

రాములవ్వకు దుబాయ్‌లో నచ్చింది ఒక్కటంటే ఒక్కటీ లేదు. ఇది దుబాయ్ కాదవ్వా, ఖతర్ అని కొడుకు నగేష్ ఎన్నిసార్లో చెప్పి చూశాడు. "ఏదైతేంది బిడ్డా, ఇసుకే గద" అని ఆమె తేల్చేసింది. విజిట్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. అల్ వుకైర్‌లో ఎవరో మహానుభావుడు ఒక విల్లాను గోడలు పెట్టి ముక్కలు చేసి, ముక్కకొక కుటుంబం చొప్పున అద్దెకిచ్చుకున్నాడు. అందులో ఒక ముక్క నగేష్‌ది. కోడలు స్వర్ణ మాత్రం ఫోన్లో చుట్టాలందరికీ "మా విల్లా" అనే చెప్పుకునేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా రాములవ్వ మూతి మూడు వంకర్లు పోయేది.

అది చాలదన్నట్టు ఇప్పుడు దయ్యాల పండుగ ఒకటి వచ్చి పడింది.

"హాలోవీన్ అంటరు అత్తమ్మా. పిల్లలు దయ్యాల లెక్క తయారైతరు. అందరు స్వీట్లు తింటరు" అని స్వర్ణ వివరించింది.

"మన దిక్కు దయ్యం వడితె వేపమండలతోని కొడుతరు. ఈడ స్వీట్లు పెడుతరా?" అంది రాములవ్వ.

స్వర్ణ ఫోన్లో వీడియో చూసుకుంటూ మైదాపిండి పిసుకుతోంది. ఆ పిండితో మనిషి వేళ్ళంత పొడుగు బిస్కెట్లు చేసి, కొసన బాదంపప్పు గుచ్చి గోళ్ళన్నది. రెండో కొసకు ఎర్రటి జామ్ పూసి నెత్తురన్నది. తెగిన వేళ్ళు పళ్ళెంలో వరసగా పేర్చి ఫొటో తీసుకుంది. తినే పదార్థాన్ని చూసి వాంతి రావాలని ఇంత కష్టపడే మనిషిని రాములవ్వ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

అత్తగారికీ ఒక పని అప్పజెప్పింది కోడలు. సకినాలు చుట్టాలి. ఎందుకూ అంటే, అవి చూడ్డానికి సాలెగూళ్ళలా ఉంటాయట. వాళ్ళ కోరుట్లలో సగం ఊరు రాములవ్వ సకినాల కోసం కాచుకునేది. చుట్టుకు చుట్టు తాకకుండా, పిండి తెగకుండా ఆమె చేతిలోంచి జారే సకినాన్ని చూసి పెళ్ళిళ్ళకు ముందుగా పిలిచేవాళ్ళు. ఇప్పుడది సాలెగూడైంది. తడి గుడ్డ మీద చుట్టి, ఆరాక నూనెలో వేసి తీసి ఇస్తే, స్వర్ణ ఒక్కొక్కదాని మీద ప్లాస్టిక్ సాలీడు పెట్టింది. రాములవ్వకు ఒళ్ళు మండిపోయింది. అయినా చేసిపెట్టింది, ఎందుకంటే ఇదంతా ఎవరి కోసమో ఆమెకు తెలుసు.

పండుగ పేరు ఏదైనా, పూజ మాత్రం వేణుగోపాలరావుకు. నగేష్ కంపెనీలో ఆయన మేనేజరు, కోస్తా మనిషి. వచ్చే ఏడాది ఇక్కడ బంతాట. ప్రపంచమంతా వచ్చి చూస్తుందట. బంతాట కోసం కట్టాల్సినవన్నీ దాదాపు కట్టేశారు కాబట్టి కట్టినవాళ్ళను కంపెనీ ఒక్కొక్కరినీ విమానం ఎక్కిస్తోంది. మెసయీద్‌లో కొత్త పని మొదలవుతోంది గానీ, అక్కడికి ఎవరు పోవాలి, ఇంటికి ఎవరు పోవాలి అన్నది రావు నోట్లో మాట. హెల్పర్‌గా వచ్చి, ఎండలో మాడి మాడి సూపర్‌వైజర్ అయిన నగేష్‌కు ఈ ఉద్యోగం పోతే ఊళ్ళో చేయడానికి పనంటూ లేదు. అందుకని స్వర్ణ ఉపాయం పన్నింది. రావు కుటుంబాన్ని పిలవాలి, వాళ్ళ పాపకు దయ్యాల పండుగ చేయాలి, సారు మనసు కరగాలి. మనుషులు ఇంత దిగజారాలా అనుకుంది రాములవ్వ. కానీ కొడుకు ముఖం చూస్తే ఆమె నోరు పెగిలేది కాదు.

నగేష్ సరిగ్గా తిని, నిద్రపోయి చాలా రోజులైంది. బుగ్గలు పీక్కుపోయాయి. అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీసేవాడు. ఇది దిష్టి కాక మరేమిటి? మంచి గుమ్మడికాయ ఒకటి తెమ్మని, వాడి చుట్టూ తిప్పి పగలగొట్టిస్తానని ఆమె కోడలిని పోరుతూనే ఉంది. తెస్తాలెండి అనడమే తప్ప స్వర్ణ తెచ్చింది లేదు.

అలాంటిది శుక్రవారం పొద్దున స్వర్ణ పెద్ద గుమ్మడికాయను చంకనెత్తుకుని వచ్చింది. ఎర్రగా, గుండ్రంగా, బిడ్డంత బరువుంది. మనవరాలు సంహిత దాని మీద నల్ల రంగుతో రెండు గుడ్లు గీసింది, కింద కోర పళ్ళు గీసింది. తీసుకుపోయి గుమ్మం పక్కన పెట్టింది.

"ఎందుకే ఇది?" అని అడిగింది రాములవ్వ.

"దయ్యాలు లోపలికి రాకుండ నాయినమ్మా. చూసి భయపడి పోతయన్నట్టు" అంది సంహిత.

రాములవ్వ ముఖం విప్పారింది. గుడ్లు, కోరలు, గుమ్మం పక్కన చోటు, చెడు రావద్దనే కోరిక. ఇంక చెప్పేదేముంది? ఎంత ఫోన్లు చూసి చెడిపోయినా కోడలికి చివరికి బుద్ధి వచ్చింది. బూడిద గుమ్మడికాయ అయితే ఇంకా మంచిదే గానీ, ఈ దిక్కుమాలిన దేశంలో దొరికిందే మహాభాగ్యం అని సరిపెట్టుకుంది.

మధ్యాహ్నం స్వర్ణ, పిల్ల ఏదో కొనడానికి బయటికి పోయారు. నగేష్ చాప మీద పడుకుని అప్పుడే కునుకులోకి జారుకున్నాడు. రాములవ్వ గుమ్మడికాయ అడుగున కుంకుమ బొట్టు పెట్టింది. రెండు చేతులా ఎత్తుకుని కొడుకు తల చుట్టూ అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కంపెనీ దిష్టి, ఆ రావుగాని పాడు దిష్టి, నా కొడుకు మీద ఉన్న కీడంతా ఇందులకు రావాలె అని గొణుక్కుంది. ఎక్కువ చేసిందేమో, చేతులు లాగేశాయి. పగలగొట్టడానికి పొద్దు గుంకాలి. అందాకా కాయను తెచ్చి గుమ్మం పక్కనే పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి పడుకుంది. చాలా రోజుల తరవాత నిశ్చింతగా నిద్ర పట్టింది.

పొద్దు గుంకాక మసీదులో వినిపించిన మగ్రిబ్ అజాకు మెలకువ వచ్చింది. లేస్తూనే నెయ్యి వాసన కొట్టింది. నెయ్యి, యాలకులు, మరేదో తియ్యటి వాసన.

గుమ్మం పక్కన కాయ ఉంది, కానీ కడుపు ఖాళీగా ఉంది. కళ్ళున్న చోట బొక్కలు, నోరున్న చోట బొక్క, లోపల దీపం. రాములవ్వ వంటింట్లోకి నడిచింది. స్వర్ణ మూకుడు గీకి మరీ హల్వాను చిన్న చిన్న గిన్నెల్లో సర్దుతోంది.

"ఆ కాయదేనా ఇది?" అంది రాములవ్వ.

"అవునత్తమ్మా. లోపలి కండ పారేయబుద్ధి కాలే. మొదటి కోత మీ కొడుకుతోనే కోయించిన. ఆడోళ్ళు గుమ్మడికాయ కోయొద్దు గద, పద్ధతి తప్పలే. అడుగున ఏందో ఎర్రగ అంటితె కడిగేసిన" అని స్వర్ణ గర్వంగా చెప్పింది. "మీకు తియ్యలే, మీకు షుగర్ గద."

కొడుకు కీడంతా లాగిన కాయను వాడి చేతే కోయించి, నెయ్యి పోసి వండి, ఇంటిల్లిపాదికీ పెట్టబోతున్నారు. రాములవ్వ విషయం చెప్పడానికి నోరు తెరిచింది. అప్పటికే బయట కారు ఆగింది. స్వర్ణ పళ్ళెం ఎత్తుకుని పరుగెత్తింది.

వేణుగోపాలరావు కడుపు ముందు, ఆయన వెనక వచ్చారు. ఆ వెనక ఆయన భార్య, అస్థిపంజరం బొమ్మ ఉన్న నల్ల గౌను వేసుకున్న ఐదేళ్ళ కూతురు. ఇల్లంతా ఒకసారి చూసి, "ఏమయ్యా నగేష్, చిన్నదైనా పర్లేదు, బాగానే సర్దుకున్నారే" అన్నాడు రావు. నగేష్ చేతులు నలుపుకుంటూ, అదేదో గొప్ప వరమైనట్టు పళ్ళికిలించాడు. రాములవ్వకు తల తీసేసినట్టయింది. రావు భార్య సకినం ఒకటి కొరికి, "మా వంటావిడ కూడా చేస్తుందండీ ఇలాంటివి. ఇవి కాస్త గట్టిగా వచ్చినట్టున్నాయి" అంది. రాములవ్వ సకినాలను గట్టివని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ పళ్ళే అంతంత మాత్రమైతే ఎవరేం చేస్తారు?

మొగుడూ పెళ్ళాలు హల్వా గిన్నెలు అందుకున్నారు. రావు ఒక స్పూను నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ. ఏమ్మా, ఇది నువ్వే చేశావా? చాలా బాగా కుదిరింది" అన్నాడు. "మెసయీద్‌కి మనవాళ్ళని తీసుకోవాలనే ఉందయ్యా నాకు. చూద్దాం."

చూద్దాం అన్న మాటకే నగేష్ రెండు చేతులూ జోడించాడు. రాములవ్వ గోడ వారగా కూర్చుని రావు నోటినే చూస్తోంది. ఇప్పుడు నిజం చెబితే? దిష్టి తీసిన కాయ తినిపించారని తెలిస్తే ఆ మనిషి ఊరుకుంటాడా? కొడుకు రేపే విమానం ఎక్కాలి. పైగా, నిజం చెప్పాలంటే, రావు తింటుంటే ఆమెకేం బాధ కలగలేదు. తిను నాయినా, నా కొడుకు నిద్ర తిన్నవు, ఇది గూడ తిను అనుకుంది. ఆయన భార్య తింటున్నా ఆమె మనసు కదలలేదు. పెద్దవాళ్ళు, వాళ్ళ పాపం వాళ్ళది.

అంతలో అస్థిపంజరం గౌను పిల్ల ఒక గిన్నె అందుకుంది. దాన్ని చూసి సంహిత ఇంకోటి అందుకుంది. ఇద్దరూ స్పూన్లు ముంచారు.

రాములవ్వ లేచిన తీరు చూసి స్వర్ణ బిత్తరపోయింది. ముసలావిడ ముందు రావు కూతురి చేతిలో గిన్నె లాక్కుంది, తరవాత మనవరాలిది. కింద పారేస్తే పళ్ళెంలో మిగిలినదాంట్లోంచి తీసి మళ్ళీ పిల్లలకు పెడతారు. ఎందుకు పారేశావని అడుగుతారు. ఏమని చెబుతుంది? అక్కడే కింద చతికిలబడి తినడం మొదలుపెట్టింది.

రావు కూతురు ఏడుపు అందుకుంది.

"అత్తమ్మా, మీకు షుగర్" అంది స్వర్ణ, నవ్వాలో ఏడవాలో తెలియక.

"నాకు తినాలనిపిస్తున్నది" అంది రాములవ్వ నోటి నిండా హల్వాతో. రెండు గిన్నెలూ ఖాళీ చేసి, పళ్ళెంలో ఉన్న స్వర్ణ వాటా కూడా తీసుకుంది. తీపి గొంతులోకి దిగనంటోంది. వెగటుగా ఉంది. మింగుతున్నకొద్దీ వెగటు ఎక్కువవుతోంది. ఇది ఎవరెవరి కళ్ళలోదో, ఏ సైటుదో, వాడి మీద పడ్డ కీడు, తన కడుపులోకే పోనీ. అరవై దాటిన ఒళ్ళు, ఏమైతే అవుతుంది.

రావు భార్య కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని మొగుడి వైపు చూసి పెదవి విరిచింది. "పాపం, పెద్దావిడకి ఇలాంటివి ఎప్పుడూ దొరకవేమో" అంది. రావు పెద్దగా నవ్వాడు. "తిననీండి, తిననీండి. మన దగ్గర మొహమాటం ఏముంది?"

గుమ్మడి తీగ ఇంటి కప్పంతా పాకిన ఇంట్లో పుట్టిన మనిషి రాములవ్వ. ఆమె తల ఎత్తలేదు.

నగేష్ వచ్చి ఆమె పక్కన ఒంగాడు. మేనేజరు ముందు ముఖాన నవ్వు చెదరకుండా, పళ్ళ సందుల్లోంచి అన్నాడు. "మానం దీస్తున్నవ్ అవ్వా. ఎన్నడు తిండి మొఖం జూడనట్టు. లోపటికి పో."

కడుపున పుట్టినవాడు అన్న మాట అది. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అయినా ఆమె లేవలేదు. వాడి చేతిలో వాడి గిన్నె ఉంది. ఇంకా ముట్టుకోలేదు. అందరి నోట్లోకి పోయినా పోవచ్చు గానీ, ఏ తల చుట్టూ తిప్పిందో ఆ నోట్లోకి మాత్రం పోకూడదు.

"నీది గూడ ఇటియ్యి" అంది.

నగేష్ తల్లిని చూశాడు. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు, పరాయి ఇంటి పెళ్ళిలో పిలవని మనిషిని చూసినట్టు చూశాడు. గిన్నెను ఆమె ఒళ్ళోకి పడేసినట్టు పెట్టి, రావు వైపు తిరిగి క్షమించండి సార్ అంటూ నవ్వాడు.

రాములవ్వ స్పూను పక్కన పెట్టేసింది. చేత్తోనే తీసుకుని ముద్ద తరవాత ముద్ద మింగింది. అయిపోయాక, వెలుతురుకు గిన్నె తిప్పి చూసి, అంచుకు అంటుకున్నది కూడా వేలితో తుడిచి నాకింది.