తాళం లోపటి నీళ్లు

చిన్నపిల్ల దీపను మట్టిల పెట్టొచ్చి కాళ్లు కడుక్కుంటున్నమో లేదో, గల్లీల దోమల పొగ మిషన్ చప్పుడైంది. మున్సిపాలిటీ మనిషి మూతికి గుడ్డ కట్టుకొని మా గోడలకు పొగ కొట్టుకుంట పోయిండు. పిల్ల తల్లి దుర్గాభవాని గడపల నిలబడి చూసింది. తిట్టలే, ఏడ్వలే. నాకూ ఏడుపు రాలే. పక్కింటిదాన్ని, ఆ పిల్లకు లాలపోసి పెంచినదాన్ని. ఒళ్లంత మొద్దుబారింది, గిల్లినా తెలుస్తలేదు.

నా పేరు సత్తమ్మ. నాచారంల మందుల కంపెనీల ప్యాకింగు పని. మీరు కార్మికులైనా, కాలేజీ పిల్లలైనా జర చెవి పెట్టి ఇనుండ్రి. పిల్ల డెంగీతోని పోయిందని దవాఖానల జెప్పిన్రు. నేనైతే ఒక తాళం చంపిందనే అంట.

మా ఇండ్ల ఎన్క సగం కట్టిన అపార్ట్‌మెంటున్నది. బసవరాజు అనే బిల్డర్ బ్యాంకుల లోను తీసుకొని, కిస్తీలు కట్టక పరారైండు. బ్యాంకోళ్లు గేటుకు తాళమేసి, ఈ ఆస్తి మా స్వాధీనంల ఉన్నదని గోడ మీద ఎర్ర రంగుతోని రాసి పోయిన్రు. మళ్ల మొఖం చూపెట్టలే. సెల్లార్ల వాన నీళ్లు నిండి పచ్చగైనయి. మాపటీలి అయితే దోమలు మందలు మందలు లేస్తుండె.

దీప పోయినంక అందరం కలిసి మున్సిపాలిటీ ఆఫీసుకు పోయినం. ముందు గల్లీ టీచరమ్మ గీతిక కూడ వచ్చింది. ఆమెది గుంటూరు దిక్కు.

"ఖాళీ బిల్డింగు పాడుపెడితే ఓనరుకి నోటీసిచ్చి మీరే శుభ్రం చేయించొచ్చు కదండీ" అన్నది ఆమె.

"ఓనరెవరమ్మా?" అన్నడు ఆడి ఆఫీసరు రాఘవేంద్ర సారు. "బిల్డరు దొరకడు. బ్యాంకేమో మేం ఓనర్లం కాదు, అమ్మేదాకా కాపలాదారులమంటది. బ్యాంకు తాళం మేం ముట్టుకుంటే కేసవుతుంది."

"గరీబోడు రోడ్డు మీద బండి పెడితే ఓనరెవరని అడుగుతరా సారూ? ఎత్తుకపోతరు గద" అన్న నేను.

ఆయన సెల్లు తీసి మాకొక ఫోటో చూపెట్టిండు. మా గణపతులు, ఆ సెల్లార్ల తేలుకుంట.

"మీరే నిమజ్జనానికి వాడుకుంటున్నరు. చెరువు కావాలె, దోమలు వద్దంటే ఎట్లా?"

అబద్ధం గాదు. కాప్రా చెరువు దాక ఆటోలెందుకు, ఇంటెన్కనే నీళ్లున్నయి గదా అని, ప్రహరీ మీదికెల్లి మేమే డప్పులు గొట్టుకుంట దించినం. మా చేతులతోనే ఆ గుంటను చెరువు జేసినం. సిగ్గుతోని తల దించుకొని ఇంటికొచ్చినం.

ఆ పొద్దే కిరాణా దుకాణం ముంగట కూసున్నం. మనమే మోటర్ పెట్టి నీళ్లు తోడుదమని వెల్డింగు దయాకర్ అన్నడు. ముసలి చంద్రయ్య ఒప్పుకోలే. గణపతి మండపం పెట్టిందే ఆయన.

"దేవుడు కలిసిన నీళ్లు మోరీల పారబోస్తవారా? కండ్లు పోతయి."

"తాళం కోస్తే నౌకరీ పోతది, అది చూడు ముందు" అన్నడు ఇంకొకడు.

గొడవ గొడవైంది. సారోళ్ల మీద రావలసిన కోపం మాలో మాకే వచ్చింది. అప్పుడు దుర్గాభవాని నోరు తెరిచింది. పిల్ల పోయినంక ఆమె గొంతు మేం ఇన్నది అదే మొదలు.

"నా కొడుకు ధీరజ్ ఇంక దవాఖానలనే ఉన్నడు మామా. అక్కకొచ్చిన జొరమే వానికీ వచ్చింది. తగ్గింది, తీస్కపొమ్మన్నరు. మళ్లొస్తే మాత్రం కష్టమన్నరు. ఆ నీళ్లుండంగ వాన్ని యాడికి తేవాలె? దేవుడు మట్టిలకెల్లే వచ్చిండు. నా బిడ్డ మట్టిలకే పోయింది. ఎవలి కండ్లు పోతయో పోనీ, నా కండ్లే పోనీ."

చంద్రయ్య కండువా దులుపుకొని లేసి, అయితారం మోటర్ తెమ్మని దయాకర్‌తోని అన్నడు.

అయితారం పొద్దుగాల దయాకర్ మిషన్ పెట్టి తాళం కోసిండు. మొదలు లోపటికి దిగింది చంద్రయ్యే. నడుంలోతు కంపు నీళ్లల్ల దేవులాడి, కరిగిన గణపతుల కట్టెలు, గడ్డి ఒక్కొక్కటి నెత్తిన పెట్టుకొని ఒడ్డుకు తెచ్చిండు. అవి చెరువుకు పంపి మోటర్ నడిపినం. ఆడోళ్లం మోరీ పొంట నిలబడి చెత్త గుంజినం.

సగం నీళ్లు దిగేటాల్లకు పోలీసు జీపు వచ్చింది.

"బ్యాంకు ప్రాపర్టీల జొరబడుడు నేరం. మోటర్ బంద్ చెయ్యి" అన్నడు ఎస్సై.

ఎవలం కదలలే. కానిస్టేబుల్ మోటర్ వైరు పట్టుకొని నడుచుకుంట పోయి గీతికమ్మ గడపల తేలిండు. ఆమె తలుపుకు అడ్డం నిలబడ్డది.

"కరెంటు మాదండీ. ఆపను. నన్నూ ఎక్కించుకోండి."

ఆమెనెక్కించలే. టీచరమ్మ గదా. దయాకర్‌ను గల్లా పట్టి ఎక్కించిన్రు. తోడుమన్నది నేనేనని దుర్గాభవాని తనే పోయి జీపుల కూసున్నది. మేం ముంగట అడ్డం పడితే లాఠీలు లేచినయి. నా మోచెయ్యి పలిగింది. నొప్పి తెలిసింది. శానా దినాలకు నా ఒంటికి ఒకటి తెలిసింది.

జీపు పోయినా మోటర్ ఆగలే. సెల్లార్ అడుగు తేలినంక, బురద కాళ్లతోనే నేను స్టేషన్‌కు పోయిన. దుర్గాభవాని గోడకానుకొని కూసున్నది. బెయిలు ముచ్చట అడుగలే.

"నేల కనబడ్డదా అత్తా?"

"కనబడ్డది. సున్నం గూడ కొట్టినం."

అప్పుడు ఏడ్చింది. బిడ్డ పోయినంక మొదలుసారి, నా భుజం మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చిన. ఆమె కొంగుతోని మొఖం తుడుసుకొని, "గట్లైతే పిల్లగాన్ని ఇంటికి తోలుకరాండ్రి" అన్నది.

ధీరజ్‌ను తెచ్చి గీతికమ్మకు అప్పజెప్పినం. తెల్లారి ఏ కంపెనీకీ పోలే. గల్లీ గల్లీ అంతా స్టేషన్ బాట పట్టినం. నడిమిట్ల మౌలాలి దిక్కువాళ్లు కలిసిన్రు. వాళ్ల కాడ గూడ గిసొంటి బిల్డింగే ఉన్నదట, గేటుకు తాళం, లోపట నీళ్లు. తాళం కోసే మిషన్ ఎవరికాడ ఉన్నదని అడిగిన్రు.

"మిషనున్నోడు లోపటున్నడు. ముందుగాల వాన్ని ఇడిపిద్దాం పాండ్రి" అన్నడు చంద్రయ్య.

వాళ్లు గూడ మాతోని నడిచిన్రు.