అరగని ముద్ర

తడిగుడ్డతో మొదటి ముద్రను తుడిచి, రెండోదాన్ని చేతిలోకి తీసుకుంది ఆవిడ. చెక్క పిడులు రెండూ ఒకలాంటివే. రెండోదానికి మాత్రం పాత చీర అంచు నుంచి లాగిన ఎర్ర పోగు కట్టి ఉంటుంది. ఆవిడకు చదువు రాదు. ఆ పోగే ఆవిడ అక్షరం. పోగు లేనిది ‘అనుమతించడమైనది’. పోగున్నది ‘నిరాకరించడమైనది’.

భర్త పోయాక ఆయన బదులు అటెండరు ఉద్యోగం ఇచ్చారు. అప్పటినుంచీ ఆఫీసులో అందరికీ ఆవిడ ముద్రమ్మ. రబ్బరు ఎండి బీటలు వారకుండా రోజూ రెంటినీ తుడుస్తుంది.

“వాడని దానికి ఇంత సేవెందుకు ముద్రమ్మా? గడప దాటని పెళ్లికూతురికి రోజూ తలంటా?” అన్నాడు గుమాస్తా.

“కబురు ఏ రోజు వస్తుందో ఎవరికి తెలుసు బాబూ? వచ్చిన రోజున చిక్కు జుట్టుతో పంపనా?”

గుమాస్తా మాటలో అబద్ధం లేదు. నీళ్లలో మట్టి పోసి పూడ్చడానికి కింది ఆఫీసు అనుమతి ఇచ్చినా, అవి కాపాడవలసిన నీళ్లయితే ఆపేసే అధికారం ఈ ఆఫీసుకుంది. చట్టంలో ఉంది గాని, ఎన్నడూ చేతిలోకి రాలేదు. వచ్చిన ప్రతి కాగితం మీదా పోగు లేని ముద్రే పడింది.

ఈసారి వచ్చింది పెద్ద మడుగు కాగితం. ఆవిడ పుట్టింది దాని ఒడ్డునే. అన్న ఇంకా అక్కడే వల వేసుకుని బతుకుతున్నాడు. మట్టి లారీలు గట్టెక్కి నిలబడ్డాయి. ఇవాళ ఆపకపోతే రేపు తొలి లోడు నీళ్లలో పడుతుంది.

పొద్దున్నే అన్న ఇంటికొచ్చి, “మీ ఆఫీసు ఏం చేస్తుందే?” అన్నాడు.

“నన్నడుగుతావేంటన్నయ్యా? నేను అద్దేదాన్నేగా” అంది గాని, తింటున్న కంచం పక్కకు జరిపేసింది. అన్న వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఎవరు వెళ్లినా అలా చూడటం ఆవిడకు అలవాటు. భర్త చివరిసారి వెళ్లిన రోజున పాలు పొంగుతున్నాయని లోపలికి పరిగెత్తింది. ఆయన మలుపు తిరగడం చూడలేదు.

అన్న మాటే తలుచుకుంటూ తుడుస్తుంటే నానిన పోగు ఊడి చేతికొచ్చింది. కొత్తది కడదామనుకుని, మరిచిపోయింది.

మధ్యాహ్నం ఆఫీసరు మేడం పిలిచింది. బల్లకింద ఆమె చెప్పులకు మడుగు బురద ఎండి ఉంది. ఫోను మోగుతూనే ఉంది. ఎత్తకుండానే సంతకం పెట్టి, “ఆపేస్తున్నాను ముద్రమ్మా. ఆ రెండోది వెయ్యి” అంది.

రెండోది ఏది? రెండు పిడులూ బోడిగా ఉన్నాయి. అలవాటైన చెయ్యి ఒకదాన్ని పట్టుకుని సిరాలో అద్దేసింది కూడా. కాగితం మీదికి తెచ్చి ఆపింది. ముద్ర తిప్పి బొటనవేలితో నొక్కి చూసింది. పాత చెప్పు మడమలా నున్నగా తగిలింది. పక్కన పెట్టి, ఇంకోదాన్ని తడిమింది. అక్షరాలు వేలికి గుచ్చుకున్నాయి.

అరిగింది అనుమతి. అరగంది ఇదే.

రెండు చేతులతో అదిమింది. ఊదారంగు అక్షరాలు ఒక్కటీ చెదరకుండా పడ్డాయి.

“గడప దాటిందమ్మోయ్ పెళ్లికూతురు!” అన్నాడు గుమాస్తా.

“నవ్వింది చాల్లే. ముందు ఆ కాగితం గట్టుకి చేర్చు బాబూ. మా అన్నయ్య అక్కడే కూచునుంటాడు, నోటితో కూడా చెప్పు.”

అతను స్కూటరు తీశాడు. ఆవిడ ముద్ర తుడిచి కిటికీ గట్టు మీద పెట్టి, స్టూలు జరుపుకుని కూర్చుంది. స్కూటరు వీధి చివర మలుపు తిరిగింది. ఈసారి చూసింది.

సాయంత్రం వాచ్‌మన్ తాళాలతో వచ్చాడు. “ముద్రమ్మా, లే, తలుపులెయ్యాలి” అన్నాడు. మళ్లీ పిలిచాడు. దగ్గరికొచ్చి భుజం తట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేశాడు.

ఆవిడ తల కిటికీ ఊచలకు ఆనుకుని, ముఖం మలుపు వైపే ఉంది. కిటికీ గట్టు మీద, వెల్లకిలా ఆరబెట్టిన ముద్ర. అక్షరాల సందుల్లో సిరా ఇంకా తడిగానే ఉంది.