సగం ఇంజను

ఇంజను వేడెక్కేదాకా దాన్ని కదల్చకూడదన్నది అతను పెట్టుకున్న నియమం. మీట మీద చెయ్యి వేసి, కింద ఇనుప పొట్టలోని దడదడ ఒక దారికి వచ్చేదాకా చెవి ఒగ్గి కూర్చున్నాడు. మసకబారిన అద్దాన్ని మోచేత్తో తుడిచాడు. యార్డు నిండా రైలు పెట్టెలు ఎక్కడివక్కడ నిద్రపోతున్నట్టున్నాయి. వాటిని లేపి, ఒకదానికొకటి తగిలించి, బండిగా చేసి పంపడం అతని పని. వచ్చిన బండిని విప్పి, ఏ పెట్టెకి ఆ పెట్టెను దాని దారిన తోసేయడం కూడా అతని పనే.

పేరుకు ఇంజను డ్రైవరే కానీ ఆ ఇంజనుతో ఏ ఊరూ వెళ్ళలేదు. యార్డు చివరి సిగ్నలు దాకా పోవడం, వెనక్కి రావడం. దూరాలు పోయే డ్రైవర్లు అతనికి ‘నత్త’ అని పేరు పెట్టారు.

"నత్తగారూ, ఇవాళ ఎందాకా ప్రయాణం?"

"మీరు బయల్దేరే చోటి దాకా. నేను రాకపోతే మీరు లాగడానికి వెనకాల ఏముంటుంది నాయనా?"

గొప్పకి అన్న మాట కాదు. నిజంగానే అలా అనుకునేవాడు. గాజు సామాను నింపిన పెట్టెని ఇంకో పెట్టెకి ఆనించినా లోపల చిన్న గలగల కూడా వినపడనిచ్చేవాడు కాదు.

అతని ఇంజను పొట్టిది. ముందు పొడుగాటి ముక్కు, వెనక డ్రైవరు గది, అంతే. గది వెనక గోడతో ఇంజను అయిపోతుంది. కొత్తగా చూసేవాళ్ళకి ఎవరో మధ్యకి నరికి మిగతా సగం పట్టుకుపోయారనిపిస్తుంది. ఇలాంటివి కొద్దిగానే చేశారు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

కింద నిలబడి పెట్టెలు తగిలించే పాయింట్స్‌మన్‌ని అతను బావా అనేవాడు. చుట్టరికమేమీ లేదు. తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని మొదటిరోజే కలుపుకున్న వరస. ఆ బావకిప్పుడు ఊపిరితిత్తులు చెడిపోయాయి. మూడో అంతస్తులో మంచం పట్టాడు. మెట్లు దిగలేడు, ఎవరైనా మోయబోతే ఊపిరందదు. కిందటివారం డాక్టరు చెల్లెమ్మని, అంటే బావ భార్యని, గుమ్మం బయటికి పిలిచి ఇక ఎన్నాళ్ళో ఉండడని చెప్పాడు. ఆ పూటే బావ అడిగాడు.

"బండిని ఒకసారి చూడాల్రా."

"నువ్వు రాలేవు. బండినే తీసుకొస్తా."

"మూడో అంతస్తుకి పట్టాలు మీ నాన్న వేశాడా?"

"నా సంగతి నీకింకా తెలీదు బావా."

ఫోన్లో ఇంజను ఫొటో చూపిస్తే బావ మొహం తిప్పుకున్నాడు. చేత్తో పట్టుకుని చూడాలట.

అచ్చు ఇంజనులాగే కొలత ప్రకారం చేసిన చిన్న నమూనాలుంటాయని అతనికి తెలుసు. ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే బొమ్మల దుకాణాలు గాలించాడు. రాజుల్లాంటి పెద్దింజన్లు అద్దాల అరల్లో మెరుస్తున్నాయి. "యార్డులో పెట్టెలు తోసే షంటింగ్ ఇంజనా? దాన్నెవరు కొంటారండీ!" అని నవ్వారు. అతను నొచ్చుకోలేదు, ఆలోచించాడు. అసలు ఇంజన్నే సగం అనుకునే లోకం దాని బొమ్మని ఏమనుకుంటుంది? విరిగిపోయిందనుకుంటుంది. అందుకని అరలు చూడటం మానేసి విరిగిన సామాను పెట్టెల్లో చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. చక్రాలు, చిమ్నీలు, తలుపుల్లేని పెట్టెలు వేళ్ళతో తడిమే పోల్చుకునేవాడు. దొరుకుతుందా అన్న అనుమానం రాలేదు. అప్పటిదాకా బావ ఉంటాడా అన్నదే భయం.

ఇవాళ మధ్యాహ్నం భోజనం వేళ బజారు వెనక సందులో పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. కళ్ళజోడుకి దారం కట్టుకున్న ఆవిడ గడియారం విప్పుతోంది.

"విరిగిన ఇంజను బొమ్మలేమైనా ఉన్నాయామ్మా?"

"నా దగ్గర విరిగినవి ఉండవు అన్నయ్యా. బాగుచేస్తేగానీ అర ఎక్కించను. మొన్న ఒక సగం ఇంజను వస్తే ఇంకోదాని సగం తెచ్చి అతికించాను. చూడండి, అతుకెక్కడుందో చెప్పండి చూద్దాం!"

బల్ల మీద పొడుగాటి ఆకుపచ్చ ఇంజను పెట్టింది. వెనక సగం మీద రంగు కొత్తగా పులిమి ఉంది. ముందు సగంలో ముక్కు, ముక్కు వెనక గది, గదికి అతను రోజూ మోచెయ్యి ఆనించే కిటికీ. అతను బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ వెనక సగం నాకొద్దమ్మా. కోసేస్తాను."

"అయ్యో, తాడు కట్టి ఆరబెట్టాను కదా!"

"అతుకు బ్రహ్మాండంగా ఉంది. విడదీయడం నా వృత్తి, ఏమనుకోకు."

"సగం ఇంజనుతో ఏం చేస్తారు?"

"మా బావకి చూపించాలి. మంచంలో ఉన్నాడు."

ఆవిడ బొమ్మని మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చింది.

యార్డుకి తిరిగొచ్చి, పని మధ్య ఖాళీ దొరకగానే, బొమ్మని ఇంజను వేడి మూత మీద కాసేపు ఆనించి పట్టుకున్నాడు. జిగురు మెత్తబడింది. బ్లేడు దింపి నెమ్మదిగా ఊపితే రెండు సగాలూ విడిపోయాయి. గది వెనక అంటుకున్న జిగురు గడ్డల్ని గీకి కిటికీలోంచి పారేశాడు. ముక్కు, కిటికీ, మీటల బల్ల, అన్నీ సరిచూసుకున్నాడు. ఇదే బండి, అనుకున్నాడు.

సాయంత్రం మూడంతస్తులూ ఆగకుండా ఎక్కాడు. చెల్లెమ్మ తలుపు తీసి, "పొద్దుట్నుంచీ మిమ్మల్నే అడుగుతున్నారు అన్నయ్యా," అంది. బావ దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ముక్కుకి గొట్టం. అతను బొమ్మని ఆ అరచేతిలో పెట్టాడు.

బావ ముక్కు చూడలేదు, కిటికీ చూడలేదు. తిరగేసి గది కింద మూల వెతికాడు.

"మెట్టేదిరా?"

"ఏ మెట్టు?"

"వెనక మూల మెట్టు. నేను నిలబడేది."

కిటికీలోంచి తల బయటపెడితే బావ టోపీ, భుజం, ఊపే చెయ్యి కనిపించేవి, ‘పోనీయ్’ అన్న కేక వినిపించేది. ఆ చేతిని నమ్మే ముప్పయ్యేళ్ళు బండి నడిపాడు. కాళ్ళు ఎక్కడ ఆనించాడో ఒక్కనాడూ గమనించలేదు. పారేసిన గడ్డల్లో ఒకటి జిగురు కాదు.

"కోసేశాను బావా. జిగురనుకున్నా."

బావ నవ్వాడు. నవ్వు దగ్గయింది. చెల్లెమ్మ వీపు రాసింది.

"ఇన్నేళ్ళూ గాల్లో వేలాడాననుకున్నావట్రా నత్తా?" బొమ్మని అటు తిప్పాడు. "ఇదిగో, ఇటుపక్కది వదిలేశావులే. ఒకటి చాలు. ఎక్కేది నేనొక్కణ్ణేగా."

మెట్టు మీద బొటనవేలు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. చెల్లెమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"పోనీయ్," అన్నాడు బావ, మెల్లగా.

అతను మంచం అంచున కూర్చుని, ఆ చేతి కింద తన చెయ్యి పెట్టాడు. కాసేపటికి, వెనక పెట్టె కొక్కెం విడినప్పుడు మీటకి తెలిసినట్టు, బరువు మారడం అరచేతికి తెలిసింది. విడిపోయిందాన్ని చప్పుడు లేకుండా వదలడం అతనికి వచ్చు. ఆ వేళ్ళని మెల్లగా దించాడు.

"చెల్లెమ్మా, ఒకసారి ఇలా రా తల్లీ."

దుప్పటి మడతలో ఇంజను ఒకవైపుకి ఒరిగి ఉంది. మిగిలిన ఆ ఒక్క మెట్టు మీద బొటనవేలి చెమట తడి ఇంకా ఆరలేదు.