బల్ల రొట్టె కోసం తెరిచిన గేటు

సమ్మె తొమ్మిదో రోజు మధ్యాహ్నం. ప్రహరీ లోపలి నుంచి ఎవరో విసిరిన ఇటుక ముక్క పొయ్యి మేస్త్రి చెవిని గీరుకుంటూ పోయి, వెనకున్న, పిండి జల్లెడ పట్టే తాత మోకాలి మీద పడింది. తాత కుప్పకూలాడు. మిగతా ఇరవై రెండు మందీ ఒక్క ఊపున బేకరీ గేటు మీదికి దూకారు.

“ఆగండర్రా! ఆగండి!” మేస్త్రి చేతులు చాచి గేటుకు అడ్డం నిలబడ్డాడు.

ఆ చేతులంటే అందరికీ జంకు. బాప్తిస్మానికి ముందు అవి ఎన్ని దవడలు పగలగొట్టాయో ఆయనకే తెలియదు. నీళ్లలోంచి లేచిన రోజున, ఇక మనిషి మీద చెయ్యి ఎత్తనని ప్రభువుకు మాట ఇచ్చాడు. పదకొండేళ్లుగా ఆ పిడికిళ్లు పిండిని తప్ప దేన్నీ గుద్దలేదు.

“బావా, వాళ్లు ఇటుకలు వేస్తుంటే మనం కీర్తనలు పాడదామా?” అన్నాడు బావమరిది. పిండి కలిపే యంత్రం దగ్గర పని అతనిది. సమ్మెకు నోరు కూడా అతనే.

“పాడు. నీ గొంతు వింటే వాళ్లే పారిపోతారు.”

మోకాలు పట్టుకుని మూలుగుతున్న తాత కూడా నవ్వాడు.

వాళ్లు అడుగుతున్నది గొంతెమ్మ కోరికేం కాదు. పొయ్యిల సెగలో పన్నెండు గంటలు పని, చేతికొచ్చేది ఎనిమిది గంటల కూలి. మిగతా నాలుగు గంటల మాటెత్తితే, “ప్రభువు సేవ అనుకోండి” అనేవాడు యజమాని. ఆయన చర్చిలో సంఘపెద్ద. ఆదివారం మందిరంలో మేస్త్రిని “బ్రదర్” అంటాడు. సోమవారం బేకరీలో “ఒరేయ్” అంటాడు.

గేటులోని చిన్న తలుపు తెరుచుకుని యజమానే బయటికొచ్చాడు. చేతులు జోడించాడు.

“ఇటుక వేసిన వాచ్‌మన్‌ని ఇప్పుడే పనిలోంచి తీసేశాను. మన గొడవ మనది. రేపు ప్రభువు బల్ల ఉంది బ్రదర్. రొట్టె సంగతేంటి?”

పదకొండేళ్లుగా బల్ల మీద విరిచే రొట్టె మేస్త్రి చేతిదే. శనివారం ఉపవాసం ఉండి, ప్రార్థన చేసి, చిన్న పొయ్యిలో ఒక్కటే కాల్చేవాడు.

“చిన్న పొయ్యి ఒక్కటి వెలిగించు. గంట పని. లోపలి పిండికి పురుగు పట్టింది, కొత్త పిండి బండి వస్తుంది. దాన్ని మాత్రం లోపలికి రానివ్వండి,” అన్నాడు యజమాని.

“ఒక్క రొట్టెకి బండెడు పిండా?” బావమరిది కనుబొమలు ఎగరేశాడు. “ప్రభువు ఐదు రొట్టెలతో ఐదు వేల మందికి పెట్టాడు బావా. ఈయన లెక్క తిరగబడిందేంటి?”

“ప్రభువు రొట్టె మీద సమ్మె ఏంట్రా? మన పోరు మనిషితో.”

“రెండు పడవల మీద కాళ్లు పెడితే మునిగేది నువ్వొక్కడివే కాదు బావా. మమ్మల్నీ ముంచుతావు.”

బండిని రానివ్వాలన్నవాళ్లను చేతులెత్తమన్నారు. ఇంకెక్కడి కూలీలైనా పకపకా నవ్వి పొమ్మనేవాళ్లు. వీళ్లంతా ఒకే బల్ల దగ్గర మోకరించేవాళ్లు. ఇరవై రెండు చేతులు లేచాయి. బావమరిది చెయ్యి ఒక్కటే కిందున్నా, అతనూ పక్కకు జరిగి దారిచ్చాడు.

చిన్న పొయ్యి ఉన్నది ఆవరణ చివర ఇరుకు గదిలో. మేస్త్రి మూలనున్న బస్తా విప్పి చూశాడు. పిండి తెల్లగా, శుభ్రంగా ఉంది. ఒక్క పురుగు లేదు. ఏదో అనుమానం తోచింది. రొట్టె అయ్యాక అడుగుదాంలే అనుకుని ముద్ద పిసికాడు. అదీ ఆయన చేసిన తప్పు. రొట్టెను పొయ్యిలోకి తోసి మోకరించేసరికి వెనక తలుపుకు బయట గడియ పడింది. ఆ వెంటనే గేటు దగ్గర బండి హారన్, ఆ మీద తాత కేక.

ఇనుప చువ్వల కిటికీలోంచి చూశాడు.

బండి వెనక తలుపులోంచి దిగింది పిండి బస్తాలు కాదు. ఎనిమిది మంది. చేతుల్లో ఇనుప గొట్టాలు. దారిచ్చి రెండు వైపులా నిలబడ్డ కూలీలను వరసపెట్టి బాదుతున్నారు. లేవలేని తాతను లాగి వీపు మీద కొట్టారు. ఒకడి నెత్తి పగిలి రక్తం కళ్లలోకి కారుతుంటే, వాడు దిక్కు తెలియక గొట్టాలున్న వైపే పరిగెత్తాడు. బావమరిదిని ఇద్దరు పట్టుకుని అతని చేతిని బండి మెట్టు మీద పరిచారు. మూడోవాడు బూటుకాలు ఎత్తి తొక్కాడు. ఆ చప్పుడు కిటికీ దాకా వినిపించింది. మోచేతి కింద, వంగకూడని చోట చెయ్యి వంగిపోయింది.

“ప్రభువా, నా చేతులు పట్టుకో,” అన్నాడు మేస్త్రి. అంటూనే భుజంతో తలుపును గుద్దాడు. మూడో గుద్దుకు గడియ ఊడింది. ప్రభువు పట్టుకున్నాడో వదిలేశాడో చూసుకునే తీరిక లేకపోయింది. రొట్టెలు తీసే పొడుగాటి ఇనుప తెడ్డు అందుకుని ఆవరణలోకి దూకాడు.

పొయ్యి సెగకు కాలిన తెడ్డు అంచు మొదటివాడి దవడను తాకింది. పళ్లు నేల మీద రాలాయి. రెండోవాడు గొట్టం ఎత్తేలోపే మణికట్టు విరిగింది. చెయ్యి తొక్కినవాణ్ణి జుట్టు పట్టి, మొహాన్ని బండి తలుపుకేసి కొట్టాడు. ఒకసారి. రెండుసార్లు. ముక్కు చితికి మొహమంతా ఎర్రబడ్డాక కూడా ఇంకోసారి. ఒంటికి పాత ఆకలి తీరుతున్నట్టుంది. అది ఆయనకు తెలుస్తూనే ఉంది. మిగిలిన ఐదుగురూ గొట్టాలు పారేసి గోడ దూకారు.

యజమాని పిండి గోదాములోకి పరిగెత్తాడు. మేస్త్రి వెంటపడి బస్తాల మధ్య వెల్లకిలా పడేశాడు. గుండెల మీద కూర్చుని గొంతు నులిమాడు.

“బ్రదర్... బ్రదర్...”

“ఇది బేకరీ కదరా! ఒరేయ్ అను! అనరా!”

యజమాని కళ్లు తేలేశాడు. మడమలు నేలను కొట్టుకుంటున్నాయి. గుమ్మంలో బావమరిది నిలబడ్డాడు. విరిగిన చేతిని రెండో చేత్తో ఎత్తిపట్టుకుని ఉన్నాడు.

“బావా, వదిలేయ్. వాడు చస్తే మన నాలుగు గంటల కూలి ఎవడిస్తాడు?”

ఆ మాటకు మేస్త్రి వేళ్లు సడలాయి. లేచి రెండడుగులు వేసి, గోడకానుకుని భళ్లున కక్కుకున్నాడు. చిన్న పొయ్యిలో రొట్టె మాడి బొగ్గయిన వాసన ఆవరణంతా నిండింది.

సాయంత్రం పాస్టరు అయ్యగారి గదికి పిలుపొచ్చింది. యజమాని మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. గొంతు బొంగురుపోయింది.

“నిన్ను క్షమించాను బ్రదర్. కేసు పెట్టను. సోమవారం పొయ్యిలన్నీ వెలగాలి, అంతే. వెలగలేదా, హత్యాయత్నం. ఏళ్ల తరబడి లోపలుంటావు. మీ ఆవిడ నలుగురిళ్లల్లో పాచిపని చేసుకోవాలి.”

మేస్త్రి అయ్యగారి వైపు తిరిగాడు. “అయ్యగారూ, క్షమాపణకు షరతు ఉంటుందా?”

అయ్యగారు తలెత్తి పైకప్పు వైపు చూశాడు. “ఈ కప్పు వేయించింది కూడా ఆయనే నాయనా,” అన్నాడు. తర్వాత తలదించుకుని, “ఉండదు,” అన్నాడు.

ఇంటికి వెళ్లి మేస్త్రి భార్యకు అంతా చెప్పాడు. ఆమె తమ్ముడి కట్టు మార్చి వచ్చి, గిన్నెలు తోముతూ విన్నది. “తొమ్మిది రోజులు అందరూ పస్తులున్నది నిన్ను కాపాడుకోవడానికి కాదు,” అంది. ఆ తర్వాత గిన్నె మీద గిన్నె పెడుతూ ఏడ్చింది.

ఆదివారం మందిరం కిక్కిరిసింది. కట్లు కట్టుకున్న కూలీలు వెనక బెంచీల్లో, యజమాని ముందు బెంచీలో. బల్ల మీద ఎక్కడో కొన్న రొట్టె ఉంది. రొట్టెకు ముందు పాపాల ఒప్పుకోలు. ఎప్పుడూ కళ్లు మూసుకుని మనసులో చెప్పుకునేది. మేస్త్రి లేచి నిలబడి పైకే చెప్పాడు.

“నిన్న నేను ముగ్గుర్ని కొట్టాను. ఒకడి పళ్లు రాలాయి. ఈ పెద్దాయన గొంతు నులిమాను. చంపాలనే నులిమాను. ప్రభువుకిచ్చిన మాట తప్పాను, నాకు ఈ బల్లలో పాలు లేదు. పెద్దాయన నన్ను క్షమించి, ఆ క్షమాపణకు ఇరవై మూడు మంది కూలి ధర కట్టాడు. అంత ఖరీదైన క్షమాపణ నాకొద్దు. వాళ్ల కూలి నాది కాదు, అమ్ముకోవడానికి. నేను స్టేషన్‌కి పోతున్నాను. సమ్మె మాత్రం ఆగదు.”

“కూర్చో బ్రదర్, కూర్చో,” అన్నాడు యజమాని. కంగారులో లేవబోతే మెడగుడ్డ జారింది. పది వేళ్ల గుర్తులూ నల్లగా కమిలి అందరికీ కనబడ్డాయి. మేస్త్రి వాటిని తేరిపార చూసి, బయటికి నడిచాడు. వెనక బెంచీలన్నీ లేచాయి. తాత కూడా కర్ర ఊతంతో కుంటుకుంటూ బయల్దేరాడు.

“పిచ్చి బావా,” అన్నాడు బావమరిది పక్కన నడుస్తూ. “చేతులెత్తినప్పుడు నా మాట వినుంటే ఇంత నడక తప్పేది.”

“తప్పేది. నన్ను తిట్టు.”

“ఒక చెయ్యే పనిచేస్తోంది. కొట్టలేను కాబట్టే తిడుతున్నా.”

స్టేషన్‌లో పోలీసు ఇరవై నాలుగు మందినీ చూసి కుర్చీలో సర్దుకున్నాడు.

“ఏంటి గుంపు? ఎవడి మీద ఫిర్యాదు?”

“ముందు నా మీద,” అన్నాడు మేస్త్రి. “కొట్టింది నేనే. ఎందుకు కొట్టానో కూడా రాయాలి. ఎనిమిది మంది, ఇనుప గొట్టాలు, బయటి నుంచి పెట్టిన గడియ, అన్నీ.”

పోలీసు విసుక్కుంటూ కాగితం తీశాడు. “మొదట్నించి చెప్పు.”

“మొదట్నించి అంటే, పొద్దున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తామండి,” అని మొదలుపెట్టాడు మేస్త్రి, రెండు చేతులూ పోలీసు ముందున్న బల్ల మీద పెట్టి.