బూజు పట్టిన పొలం

మా బావ అబ్రాహాము మంచివాడని ఊరంతా అంటుంది. నేనూ కాదనను. నా కోపానికి దారి దొరకనిది అందుకే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి, మళ్ళీ ఆ గడప తొక్కకుండా బతికేదాన్ని. మంచివాడు చేసిన పాడుపనిని ఏం చేసుకోవాలో నాకెవరూ నేర్పలేదు.

జరిగింది చెబుతాను. పోయిన మంగళవారం నేనూ మా ఆయన సుందర్ కామారెడ్డి ఆసుపత్రికి వెళ్ళాం. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చాం. ఆ మధ్యలో, మమ్మల్ని ఒక్క మాట అడగకుండా, మా ఆయనకు సొంత అన్నయిన అబ్రాహాము మా రెండెకరాల వరికి పురుగుమందు కొట్టేశాడు.

కొడితే ఏమైంది, అందరూ కొట్టేదే కదా అంటారు. అందరి సంగతి నాకు తెలియదు. మా ఇంటి సంగతి తెలుసు.

సుందర్ ఒకప్పుడు ఊళ్ళో పది మంది పొలాలకు మందు కొట్టేవాడు. పోయిన వానాకాలం ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా ఎదురుగాలిలో మూడు రోజులు వరుసగా కొట్టి, నాలుగో రోజు ఒడ్డు మీద పడిపోయాడు. నోట్లో నురగ. కామారెడ్డిలో తొమ్మిది రోజులు ఉంచారు. ప్రాణం దక్కింది గానీ చేతుల వణుకు పోలేదు. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే పడేది. మందు కొట్టిన పొలంలోకి పదిహేను రోజులు దిగొద్దని, ఆ వాసన మళ్ళీ లోపలికి పోతే తన పూచీ లేదని డాక్టరు చెప్పాడు. మా చుట్టూ ఎవరి పొలం ఎప్పుడు కొడతారో ఎవరికి తెలుసు? ఇక మనిషి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాతి యాసంగి పంట కాలమంతా అలాగే పోయింది. తినమంటే తినేవాడు, లేకపోతే లేదు. నేనెంత అరిచినా తిరిగి అరిచేవాడు కాదు. నాకు భయం వేసింది అక్కడే.

ఈ వానాకాలం నాటుకు ముందే సుందర్‌తో తేల్చి చెప్పాను, మా పొలంలో మందు చుక్క పడదని. వ్యవసాయశాఖ నుంచి మా ఊరికి వచ్చే అనిల మేడం ఒక లెక్క నేర్పింది. వరి దుబ్బులను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి. రసం పీల్చే సుడిదోమ ఎంతుంది, దాన్ని తినే సాలెపురుగులు ఎన్నున్నాయి రాసుకోవాలి. దుబ్బుకు రెండు సాలెపురుగులుంటే దోమ సంగతి అవే చూసుకుంటాయి. ఈ లెక్క నాకు అర్థం కావట్లేదని అబద్ధమాడి సుందర్‌ను మంచం మీది నుంచి లేపాను. చేతులు వణికితే ఏం, కళ్ళు బాగానే ఉన్నాయి కదా.

మొదటి వారం అంకెలు తెచ్చాడు. రెండో వారం ఒకరోజు మడిలోంచి నన్ను పిలిచాడు.

"జ్యోతీ, జర ఇటురా. మెల్లగ రా, నీడ పడనియ్యకు."

సాలెపురుగంటే నాకు చీపురుతో పని. అదీ నల్లగానో బూడిదగానో ఉంటుందనుకునేదాన్ని. ఆయన వంచి పట్టుకున్న ఆకు మీద వడ్లగింజలో సగం లేని ప్రాణి ఒకటి ఉంది. వీపు మీద నీలం చారలు. ఎండ తగిలిన చోట ఆ నీలం ఊదాగా మారుతోంది, కాస్త జరిగితే వెండిలా మెరుస్తోంది. మొహం మీద బంగారు పట్టె, దాని కింద రెండు పెద్ద కళ్ళు. మేం వంగితే అది కూడా తిరిగి మమ్మల్ని చూసింది. తర్వాత మమ్మల్ని వదిలేసి ముందరి కాళ్ళు రెండూ పైకెత్తింది. దించి, పక్కకు ఒక అడుగు వేసి, మళ్ళీ ఎత్తింది. దాని ఎదురుగా ఇంకోటి కదలకుండా కూర్చుంది.

"గది మొగది. ఆడదాన్ని మెప్పిస్తందుకు గిట్ల ఆడుతది," అన్నాడు సుందర్. "ఆమె సూడు, లెక్కే చేస్తలేదు."

అని నవ్వాడు. ఏడాది తర్వాత నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు కూడా మండింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో నేల మీద పడుకుని సేవ చేస్తే నవ్వని మనిషి, సాలెపురుగుకు నవ్వాడు.

ఆ తర్వాత రోజుకొకటి చూపించేవాడు. గాజులా ఆకుపచ్చది, కాళ్ళ నిండా ముళ్ళున్నది. వెండి పొట్ట మీద పసుపు గీతలున్నది. చీమలా వేషం వేసి చీమల వెనకే నడిచేది. చీకటితో లేచి పొలానికి పోయేవాడు, ఆకలైతేనే ఇంటికొచ్చేవాడు. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నవ్వుతారని.

మంచు పడే రోజులొచ్చేసరికి పొద్దుటిపూట పొలం నిండా గూళ్ళు తెల్లగా కనబడసాగాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసి, సుందర్ పొలానికి బూజు పట్టిందన్నారు. మా దగ్గర ఇంటికి బూజు పట్టిందంటే ఆ ఇంట్లో ఆడది సోమరిదని, మగవాడి పని అయిపోయిందని. ఆ మాట మా బావ చెవిలో పడింది.

మంగళవారం డాక్టరు సుందర్ చేతికి పెన్నిచ్చి పేరు రాయమన్నాడు. వంకరగానైనా రాశాడు. ఆ సంతోషంలో కామారెడ్డి బస్టాండు దగ్గర ఒక భూతద్దం కొనుక్కుని, బస్సులో దారంతా నా చేతి గాజుల్ని చూస్తూ వచ్చాడు.

ఊరి కాలువ దాటగానే వాసన తగిలింది. సుందర్‌ను చొక్కా పట్టి ఆపి, కొంగు ముక్కుకు కట్టుకుని నేనొక్కదాన్నే మడి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ మీద సాలెపురుగులు కాళ్ళు ముడుచుకుని తేలుతున్నాయి. వందల కొద్దీ. ఒడ్డు వారన గాలి తోసిన చోట కుప్పపడ్డాయి. రంగులు మాత్రం పోలేదు. నేను తిరిగొచ్చేసరికి సుందర్ ఇంటిదారి పట్టాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను నేరుగా బావ ఇంటికి పోయాను. ఆయన అప్పుడే స్నానం చేసి, వాకిట్లో తల తుడుచుకుంటున్నాడు.

"మా పొలంల మందెందుకు కొట్టినవ్ బావా?"

"నువ్వు మా నాటుకొచ్చి ఒకరోజు చేసినవ్ గదా. నీ బదలున్నది నా మీద. వానికి వాసన తగలొద్దని మీరు లేని రోజు చూసి తీర్చిన."

బదలంటే మా ఊళ్ళో రోజుకు రోజు. నేను నీ పొలంలో ఒకరోజు చేస్తే నువ్వు నా పొలంలో ఒకరోజు చేయాలి. దాన్ని ఎగ్గొట్టినవాడికి మర్యాద ఉండదు.

"నేను అడిగిన్నా?"

"అడుగుడేంది. పొలం నిండ బూజు. సుందర్ పనైపోయిందని రోడ్డు మీద పోయేటోళ్ళు నా మొఖం మీదనే అంటున్నరు. తమ్ముణ్ణి గట్ల అంటే నేనెట్ల ఊకుంట?"

మా అత్త సాలవ్వ లోపలి నుంచి వచ్చింది. "వాడు పొద్దంతా పంపు మోసి కొట్టిండు. మంచి చేస్తే గిట్ల మీదికొస్తవేంది పిల్లా?"

"ఆ బూజే నీ కొడుకును మంచం మీదికెల్లి లేపింది అత్తా," అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. లెక్క, రంగులు, ఆయన నవ్వడం, చీకటితో లేవడం, అన్నీ అరిచి చెప్పాను. గొంతు బొంగురుపోయింది.

"సాలెపురుగులకా నీ లొల్లి," అన్నాడు బావ. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు. "ఎన్నడన్న నాతోని చెప్పినవా?"

చెప్పలేదు. నలుగురు నవ్వుతారని దాచుకున్నాను. ఆ మాటతో నా మీద నాకు పుట్టిన కోపం కూడా తీసుకుపోయి ఆయన మీదే పోశాను.

"నీ బదలు తీరలే. ఏం పని కావాల్నో అడిగి చేస్తేనే బదలు. నా రోజు నాకున్నది. ఎల్లుండి పొద్దున రా," అన్నాను.

గురువారం ఆయన వచ్చాడు. రాకుండా ఉండలేడు. సుందర్‌ను తీసుకురావడమే కష్టమైంది. "మీ అన్నకు లెక్క రాదు. తప్పు చెప్తే నాకు తెల్వది," అన్నాను. చాలాసేపటికి లేచాడు. గాలి ఆయన మీదికి రాని వైపు చూసి, దూరంగా రోడ్డు మీద కాలువకు కట్టిన మోరీ గోడ మీద కూర్చోబెట్టాను. నోటు పుస్తకం పట్టుకుని నేను ఒడ్డు మీద నిలబడ్డాను. బావ లుంగీ పైకి కట్టి, ముక్కుకు తువ్వాల చుట్టి మడిలోకి దిగాడు.

"ఇగ ఏం చెయ్యాలె?"

"దుబ్బు విప్పి చూడు. ఎన్ని సాలెపురుగులున్నయో గట్టిగ చెప్పు."

వంగి చూశాడు. "ఏం లేవు."

"అంకె చెప్పు బావా. నేను రాయాలె."

"సున్నా."

రాశాను. రెండో దుబ్బు సున్నా. మూడోది సున్నా. నాకు తృప్తిగా ఉంటుందనుకున్నాను, లేదు. పది దాటేసరికి ఆయన గొంతు చిన్నదైంది. గట్టిగా చెప్పమని నేను అరిచాను. సున్నా, సున్నా అని యాభై ఏళ్ళ మనిషి సాలెపురుగు లేని మడిలో నిలబడి అరిచాడు. సుందర్ తల వంచుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

ఇరవై ఆరో దుబ్బు దగ్గర బావ ఆగాడు. "ఒకటున్నది. ఆకు మడతల."

సుందర్ తలెత్తాడు. "ఎట్లున్నది?"

"ఎట్లుంటది. సాలెపురుగు."

"సక్కగ చూసి చెప్పే," అని అరిచాడు సుందర్. లేచి నిలబడ్డాడు. "రంగు చెప్పు. దానికి రంగుంటది. ఎన్నడు చూసినవ్ నువ్వు?"

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మా ఆయన అన్న మీద గొంతెత్తడం నేను వినలేదు. బావ కూడా విని ఉండడు. తువ్వాల కిందికి లాగి, ఆకు తెంపి కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నీలం గీతలున్నయ్," అన్నాడు. "తిప్పితే ఊదా అయితున్నది. మొఖం మీద బంగారం తీర్గ ఒక పట్టె." ఆకును ఇంకోసారి తిప్పాడు. "గింత పురుగుకా తమ్మీ. పుట్టినసంది ఈ మడ్లల్లనే ఉన్న నేను."

"కదులుతున్నదా?"

బావ దాని మీద మెల్లగా ఊదాడు. వేలి కొసతో ముట్టాడు. ఇంకోసారి ముట్టాడు.

"లేదు."

"అయితే సున్నా," అన్నాడు సుందర్. "గట్టిగ చెప్పు అన్నా, జ్యోతి రాసుకోవాలె."

బావ తువ్వాల మళ్ళీ ముక్కు మీదికి లాక్కున్నాడు. సుందర్ ఊరుకోలేదు, మళ్ళీ అడిగాడు. మూడోసారికి బావ చెప్పాడు, నేను రాశాను.

"పక్క దుబ్బు చూడు," అన్నాడు మా ఆయన. ఆ పొద్దంతా ఆయన మళ్ళీ కూర్చోలేదు.