ఒంటి రోకటి చప్పుడు

కాంతం తమ్ముడి సంచి సర్దుతోంది. అడుగున రెండు పంచెలు, వాటిమీద కంబళి, కంబళి మడతలో ఉప్పుచేప పొట్లం. జాడీ అయితే దారిలో పగులుతుందని పచ్చడిని ఎండిన సొరబుర్రలో పెట్టి మూతికి గుడ్డ కట్టింది. చేతులు సర్దుతున్నాయే గాని మనసు విప్పేయమంటోంది. ఒకసారి విప్పింది కూడా. కంబళికి చిరుగుందేమో చూడాలన్న వంకతో అన్నీ బయటికి తీసి, కాసేపు వాటిని చూస్తూ కూర్చుని, మళ్ళీ పెట్టింది.

తమ్ముడు పెద్దిరాజు పొగపడవలో పొయ్యికి కట్టెలు వేసే పనిలో ఉన్నాడు. ఎవరో దొర వర్తకుడి పడవ అది. రెండేళ్ళుగా ధవిళేశ్వరం నుంచి ముమ్మిడివరం దిగువ దాకా గౌతమిలో సరుకు మోస్తోంది. ఇప్పుడా దొర దాన్ని రంగూనులో ఎవరికో అమ్మేశాడు. కోరంగి రేవులో పెద్ద ఓడ కాచుకుని ఉంది. అది పడవని వెనక కట్టుకుని సముద్రం దాటిస్తుంది. పడవతోపాటు పనివాళ్ళూ వెళ్ళాలి.

సముద్రమంటే కాంతానికి ఉన్న భయం ఊరికే వచ్చింది కాదు. పందొమ్మిదేళ్ళ కిందట, వికారి సంవత్సరం ఉప్పెనలో అమ్మా నాన్నా కొట్టుకుపోయేనాటికి పెద్దిరాజు పాలుతాగే పిల్లవాడు. వాణ్ణి తండ్రి పంచెతో వీపుకి కట్టుకుని, కొబ్బరిచెట్టుని కావిలించుకుని బతికి బయటపడింది. కాపురానికి వెళ్ళినప్పుడూ వాణ్ణి చంకనేసుకునే వెళ్ళింది. ఆమె భర్త అప్పలస్వామి మంచివాడు. “పెళ్ళామూ కొడుకూ ఒక్కసారే వచ్చేరు నాకు” అని నలుగురిలో నవ్వుతూ చెప్పుకునేవాడు.

నిన్న సాయంత్రం కాంతానికి ఒక ఆశ పుట్టింది. పడవకి జబ్బు చేసింది. ఏటివాలుకి వస్తూ కూడా కుంటుకుంటూ వచ్చింది. ఊరి రేవులో ఆపాక మళ్ళీ కదిలించబోతే మొరాయించింది. నలుగురు దిగి నీళ్ళని తోసే చక్రాన్ని గెడలతో నెడితేగాని తిరగలేదు. ఎల్లుండి పొద్దున ఏటి నీళ్ళు సముద్రంలోకి తీసే పాటు నీటికి పడవ బాగుపడకపోతే ఓడ మనకోసం ఆగదు, ఎవరిళ్ళకి వాళ్ళు పోవచ్చునని దొర గుమాస్తా చెప్పేశాడు. ఆ మాట వినగానే కాంతం లోపలికి వెళ్ళి గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుంది. ఏం కోరుకుందో పైకి అనలేదు.

అయినా దారి తిండికి అటుకులు దంచక తప్పదు. మధ్యాహ్నం వాకిట్లో పొరుగింటి వీరమ్మతో కలిసి రోలు ముందు నిలబడింది. ఒకరి రోకలి లేస్తుంటే ఒకరిది పడుతోంది. అంతలో పెద్దిరాజు ముఖం నిండా మసితో అన్నానికి వచ్చాడు.

“ఏరా అల్లుడూ, మీ పడవకి పక్షవాతం తగ్గిందా?” అంది వీరమ్మ.

“లేదత్తా. మా వరప్రసాదం మేస్త్రీగారికి నిన్నట్నుంచి తిండీ నిద్రా లేవు. కట్టె పచ్చిగా ఉందన్నారు, మార్చేం. చక్రానికి నాచు చుట్టుకుందేమో అన్నారు, నేనే నీళ్ళలోకి దిగి చూసేను. ఏం లేదు. బాయిలరు నిండా ఆవిరుంది. అదంతా ఎటు పోతోందో తెలవడం లేదు.”

“మీ దొర మింగేస్తున్నాడేమో చూడండ్రా.”

పెద్దిరాజు నవ్వి ముద్ద కలుపుకున్నాడు. “లోపల రెండు ఇనప రోళ్ళున్నట్టు లెక్కత్తా. పడుకోబెట్టుంటాయి. దేని రోకలి దానిదే. ఆవిరి నెడుతుంటే ఒకటి పోతుంది, ఒకటొస్తుంది. రెండూ కలిసి చక్రం తిప్పుతాయి. రెండూ ఆడుతూనే ఉన్నాయి, నా కళ్ళతో చూసేను. మరి బలం చూస్తే సగమే.”

దంపు సాగుతోంది. వీరమ్మకి జబ్బలు నొప్పి పుట్టినట్టున్నాయి. రోకలిని ఎత్తుతోంది, దించుతోంది, బరువు మాత్రం వెయ్యడం లేదు.

“అత్తా, రోకలి పట్టుకుని ఊగుతున్నావే గాని దంచుతున్నావా?” అంది కాంతం. “నా ఒక్కదాని చప్పుడే వినపడుతోంది.”

“పోవే, ఎత్తుతున్నాను కదా! కనపట్టంలా?”

“ఎత్తితే సరా?”

పెద్దిరాజు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “అత్తా, అలాగే ఎత్తు. దంచకు. అక్కా, నువ్వు దంచు.” కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత అక్క ముఖంలోకి చూశాడు.

“అక్కా, పొయ్యి దగ్గర హోరు తప్ప మాకేం వినపడదు. నువ్వు ఒడ్డున ఉంటావు కదా. నిన్న మేం వస్తుంటే పడవ చప్పుడు ఎలాగుంది? ఇద్దరు దంచినట్టా, ఇప్పుడు నువ్వొక్కదానివే దంచినట్టా?”

కాంతానికి తెలుసు. రెండేళ్ళుగా తమ్ముడు వస్తున్నాడని ఆమెకి చెప్పేది ఆ చప్పుడే. అది వినపడ్డాకే ఎసట్లో బియ్యం పోసేది. నిన్న మలుపు తిరిగేటప్పుడే చప్పుడు మధ్యలో ఖాళీలు వినపడ్డాయి, ఒకరు చేసే పనిలా వినపడింది. ఇప్పుడు ఇద్దరు దంచినట్టే ఉందని ఒక్క మాట అంటే చాలు. వాడు నమ్ముతాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క మాట వాడు కాదనలేదు.

కాని వాడు అడిగింది తనని. మేస్త్రీకి అందనిది తన చెవికి అందిందని వాడి ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి ఆమెకి గర్వం వచ్చింది. భయం కన్నా ముందు నోటికి గర్వమే వచ్చింది.

“ఒక్కటేరా,” అంది. “నిన్నట్నుంచీ ఒక్కటే పడుతోంది. ఆ పడవ చప్పుడు నాకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

పెద్దిరాజు చెయ్యి కడుక్కోకుండానే రేవుకి పరిగెత్తాడు.

“పిచ్చిదానా, ఎందుకు చెప్పేవే?” అంది వీరమ్మ మెల్లగా. కాంతం దంచుతూనే ఉంది. రోట్లో అటుకులు పిండి అయిపోతున్నా చూసుకోలేదు.

తరవాత జరిగింది సాయంత్రం వరప్రసాదం మేస్త్రీ స్వయంగా వచ్చి చెప్పాడు. ఇంజను మీది చెక్క తొడుగు విప్పించి ఆ రెండు ఇనప రోళ్ళ మీదా, అంటే సిలిండర్ల మీదా, అరచెయ్యి పెట్టి చూశాడట. కుడిది చెయ్యి కాల్చేసింది. ఎడమది గోరువెచ్చగా ఉంది. మూత విప్పితే, ఆవిరిని లోపలికి వదిలే ఇనప పలక మరమేకు ఊడి, దారికి అడ్డంగా కూర్చుని ఉంది. ఆవిరి లేకపోయినా ఆ రెండో రోకలి మొదటిదాని లాగుడికి అటూ ఇటూ ఊగుతూనే ఉంది. అందుకే చూసినవాళ్ళందరూ మోసపోయారు.

“మీ చెవి చలవండీ,” అన్నాడు మేస్త్రీ. “లేకపోతే అందరం ఇళ్ళకి పోవలసిందే.”

“మా అక్కంటే ఏమనుకున్నారండీ మరి!” అన్నాడు పెద్దిరాజు.

ఏటి మీంచి పడవ చప్పుడు నిండుగా, ఖాళీలు లేకుండా వస్తోంది. మేస్త్రీ వెళ్ళాక కాంతం తమ్ముడి భుజం పట్టుకుంది.

“ఒరే, ఈసారికి మానెయ్యరా. కట్టెలెయ్యడానికి ఇంకోణ్ణి చూసుకుంటారు.”

“ఆయ్, ఇంజను జబ్బు కనిపెట్టినోణ్ణి నేనే మానేస్తే ఎలాగక్కా? మేస్త్రీగారు నాకు మర పని నేర్పుతానన్నారు, తెలుసా! పొద్దుటిదాకా కట్టెలేసేవాణ్ణి, ఇప్పుడు మర పనివాణ్ణి. ఏడాది తిరక్కుండా వచ్చేస్తాను.”

అంతగా సంతోషిస్తున్నవాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. వాడి సంచి మూతి బిగించి కట్టింది. ఆ పని తన మాటతోనే వాడికి వచ్చిందని ఆమెకి తెలుసు. తెల్లవారి పాటు నీటికి పడవ రేవు వదిలింది. చక్రాన్ని ఎవరూ నెట్టనక్కరలేకపోయింది.

పెద్దిరాజు వెళ్ళింది కాళయుక్తి సంవత్సరం మార్గశిర మాసంలో. వరప్రసాదం మేస్త్రీ ఏడాది దాటాక, రౌద్రి సంవత్సరంలో తిరిగి వచ్చాడు. పెద్దిరాజు రాలేదు. వెళ్ళిన ఎనిమిది నెలలకే, సిద్ధార్థి సంవత్సరం శ్రావణంలో రంగూనులో జ్వరం వచ్చి చనిపోయాడు.