ఇస్త్రీబల్ల కింది చెక్క

కొలతలమ్మ సంచి సర్దుకుంటోంది. రెండు జతల బట్టలు, పెన్సిళ్ళు, టేపు, అంకెలు నింపిన నోటుపుస్తకం. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే మేము ఆమెకు పెట్టుకున్న పేరది. పని సామాన్లు ఎవరి ఒంటికి తగ్గట్టు తయారవుతున్నాయో పరిశోధించేది.

అంతకుముందు వచ్చినవాళ్ళు సూపర్‌వైజరును అడిగి, ఆయన ఎత్తుకు బల్లలు గీసుకుపోయారు. ఈమె నాలుగు రోజులు మా పక్కనే నిలబడి మా మోచేతులు కొలిచింది.

"పని మీది, కొలత ఆయనదా? నా గొడవంతా అదే అక్కా" అనేది.

మేము చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆమె వస్తోందని తెలిసి బల్లల కింది చెక్కలు దాచేశాం. వాటిపైకి ఎక్కితేనే మాకు బల్ల అందేది. పొట్టివాళ్ళమని పనిలోంచి తీసేస్తారేమోనని, టేపు పెట్టినప్పుడల్లా మడమలు పైకి లేపేవాళ్ళం. కాళ్ళ దాకా ఉన్న ఏప్రన్ ఆ దొంగతనాన్ని కప్పేసింది.

ఆమె సంచి భుజాన వేసుకోగానే నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది. అదీ ఇలాగే సంచితో వెళ్ళింది, మళ్ళీ రాలేదు. దానికి చెప్పాల్సిన మాట ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.

"ఏంటక్కా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డావు? బస్సు పోతుంది."

"పోనీ. నీ లెక్క తప్పమ్మా."

బీరువా వెనక నుంచి చెక్క లాగి, బల్ల ముందు వేసి ఎక్కాను.

"నాలుగు రోజులూ దాచారా దీన్ని?"

"ఇంటికి చుట్టాలొస్తే చీపురు దాచమా?"

దుప్పట్లు మడతపెట్టే వదిన మూతి తిప్పింది. "ఆవిడ పొట్టిది. మమ్మల్ని కలపకండి."

"నీ చెక్క నాదానికంటే లావు కదా వదినా" అన్నాను.

కొలతలమ్మ నవ్వు ఆపుకోలేక కూలబడి, సంచి మళ్ళీ విప్పింది. మర్నాడంతా మడమలు నేలకు ఆనించి కొలిచింది.

"ఈ సంగతి నీ పేరుతో రాయనా?"

"పేరొద్దు తల్లీ. పని రాయి చాలు."

ఏడాదిలో పొట్టి బల్లలొచ్చాయి. ఎవరి పనీ పోలేదు. తర్వాత ఆమె పుస్తకం వచ్చింది. దుప్పట్ల మీది వార్డు పేర్లు చూసి చదువు నేర్చుకున్నదాన్ని, ఆ పేజీ కూడబలుక్కుని చదివాను: "మా తప్పు దిద్దింది ఇస్త్రీ చేసే ఒకామె. ఈ పరిశోధనలో ఆమె నాతో సమానం."

ఈ వయసులోనూ నా చెయ్యి భుజం నొప్పి లేకుండా పైకి లేస్తోందంటే ఆమె చలవే. బల్లలు చూడడానికి వస్తానని ఉత్తరం రాసింది. రాలేదు. పుస్తకం వచ్చిన ఏడాదే, మార్చి పన్నెండున, గుండెజబ్బుతో పోయింది.